చూసేసిన రూపాయి

మంగళవారం పొద్దున్నే బ్రాడీపేట బ్యాంకులో
నన్ను చూడగానే కరుణమ్మ గారు
బల్ల కిందికి వంగుతుంది.
"వచ్చింది సుబానీ, నీ నిధి" అంటూ
రెండు వేల రూపాయి బిళ్లల సంచి
ఎత్తలేక ఎత్తి కౌంటరు మీద పెడుతుంది.
క్యూలో ఎవరో నవ్వుతారు.
చిల్లర వద్దనే వాళ్లనే చూశారు గాని
సంచికి సంచి అడిగేవాణ్ణి ఎక్కడ చూశారు!

నాకు కావాలి మరి.
కలెక్టరాఫీసు ఎదురు జిరాక్సు షాపు నాది,
కాపీ రెండు రూపాయలు.
అయిదు ఇచ్చి రెండో చెయ్యి చాపిన ముసలమ్మ
మూడూ పడేదాకా మెట్టు దిగదు.
ఇది పైకి చెప్పే కారణం.

రాత్రి షట్టరు సగం దించి
పాత పేపరు పరిచి కుమ్మరిస్తాను.
ముందు తుమ్ము వస్తుంది.
గుంటూరులో రూపాయికి కూడా ఘాటుంటుంది,
యార్డులో టిక్కీలు మోసిన చేతుల కారం
ఎన్ని గల్లాపెట్టెలు మారినా వదలదు.

కళ్లు తుడుచుకుని మొదలుపెడతాను.
ఏడు కింద చుక్కుంటే నోయిడా,
వజ్రముంటే బొంబాయి,
నక్షత్రముంటే హైదరాబాదు,
ఏమీ లేకపోతే కలకత్తా.
నిలువునా పట్టుకుని తిప్పుతాను,
వెనక అచ్చు ఒక్కదానికైనా
ఒరిగి ఉండకపోతుందా అని.
ఉండదు.
ఇంకోటి.
ఉండదు.

మొదటి ఏడాది నిద్రే లేదు.
ఒక్క బిళ్లకు మూడు లక్షలని
ఫోన్లో ఎవడో అరిచి చెప్పాడు.
ఆ మూడు లక్షలతో
రంగు జిరాక్సు మిషను కొన్నాను,
తమ్ముడి బాకీ కట్టాను,
షాపుకు ఏసీ పెట్టించాను,
అన్నీ తెల్లారేలోపే.

బెజవాడ బస్సెక్కి వన్ టౌనులో
నాణేల పానకాలరావు ముందు
ఏడు బిళ్లలు వరసగా పేర్చాను.
ఆయన టీ తాగడం ఆపలేదు.
ఆరింటిని చిటికెనవేలితో పక్కకు నెట్టి
"వీటిని కండక్టరుకిచ్చెయ్" అన్నాడు.
ఏడోదానికి నలభై ఇస్తానన్నాడు.
రానూ పోనూ ఛార్జీలే నూట ఇరవై.
ఇవ్వనన్నాను.
అది నచ్చిందేమో, నాకూ ఒక టీ చెప్పాడు.
"సంచికొకటి అనుకోకు.
ఏడాదికొకటి అనుకో.
అదీ దొరక్కపోతే నా ఇంటికొచ్చి తిట్టకు."

ఎనిమిదేళ్లయింది.
అమృతాంజనం డబ్బాలో పదకొండు బిళ్లలు.
మూత ఇంకా సులువుగానే పడుతుంది.

చూసేసిన సంచి మళ్లీ నా చేతికొస్తే తెలియాలని
సంచికి ఒక్క రూపాయి మీద
గోళ్లరంగు చుక్క పెట్టడం మొదట్లో ఉండేది.
మెహతాబ్ మా చెల్లెలి పెళ్లికని కొని
ఒక్కసారి పెట్టుకుని మానేసిన ఎరుపు.
సీసా ఎండిపోయాక నేనూ మానేశాను.

మొన్న వడగాడ్పు రోజు,
కరెంటు లేదు, ఫోను లైటు పళ్లతో పట్టుకుని
పదమూడు వందల ఎన్నోదో తిప్పితే
ఆ ఎరుపు.
సగం అరిగింది, అంచున మిగిలింది.

ఎక్కడెక్కడ తిరిగావే!
ఏ దర్గా దగ్గర ఏ గిన్నెలో పడ్డావు,
ఏ ఆటోవాడి చొక్కాలో చెమటకు తడిశావు,
ఏ పిల్లాడు నిన్ను మింగబోతే
వాళ్లమ్మ వీపు మీద చరిచింది?
నువ్వేం చెప్పవు.
అలవాటు కొద్దీ నిలువునా పట్టి తిప్పాను.
అచ్చు నిటారుగానే ఉంది.
అప్పుడూ ఏమీ లేదు, ఇప్పుడూ ఏమీ లేదు.
అయినా చాలాసేపు కింద పెట్టలేదు.

ఇంటికెళ్తే మెహతాబ్ రోజూ అడిగేదే అడిగింది,
"దొరికిందా?"
"దొరికింది."
చేతిలో గరిటె ఆగింది.
"ఎంతొస్తుంది?"
"రూపాయి."

పొద్దున ముసలమ్మకు మూడు ఇచ్చాను.
మధ్యదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని
ఇటు తిప్పింది, అటు తిప్పింది,
నాకంటే నిదానంగా,
ఎండకు ఎత్తి మరీ చూసింది.
"ఈ ఎర్రదేందయ్యా, చెల్లుద్దా?"
"చెల్లుద్దవ్వా."
కొంగున ముడేసుకుని దిగింది.

మంగళవారానికి ఇంకా మూడు రోజులుంది.