తాత జాగీరు

తొమ్మిదేళ్లు దరఖాస్తు పెడితే
పదో ఏట లాటరీలో నా పేరొచ్చింది:
కంచర చెవుల జింక, ఒక్క పోతు,
రూబీ కొండల తూర్పు వాలు, అక్టోబరు.
అప్పటికి వెండెల్ మోకాలు అరిగిపోయింది.

"నేను కిందే ఉంటా, నా కళ్లు నీతో పంపిస్తా" అన్నాడు.
పికప్ బానెట్ మీద బైనాక్యులర్, చేతిలో నారింజ టోపీ.
పైకెత్తితే: ఎక్కు.
పక్కకి చాపితే: అటు.
నెత్తిన పెట్టుకుంటే: ఊపిరి బిగబట్టు.
ముప్పై నాలుగేళ్ల కాపురంలో
ఆయన నాకింత తేటగా ఏదీ చెప్పలేదు.

అంతకు ముందే, ఇంకా చీకటుండగా,
కాలిబాట మొదట్లో తగువు.
విన్నెమక్కా నుంచొచ్చిన కుర్రాడు, గడ్డం నిండా మంచు,
మా బండి అడ్డమని అరిచాడు.
"ఈ కొండేమన్నా మీ తాత జాగీరా?"
నేను మాట్లాడలేదు.
సర్కారు నేల. వాడిదెంతో నాదీ అంతే.

మూడు దాటాక సేజ్ పొదల్లోంచి లేచింది.
పరుగు కాదది. నాలుగు కాళ్లూ ఒక్కసారే నేలను తన్ని
ఎగిరి, దిగి, ఎగిరి,
గట్టు అంచున ఆగింది.
ఆగి వెనక్కి చూసింది.
ఈ జాతికి అదొక్కటే చేటు.
తాళం వేశానా లేదా అని
మలుపు దాకా వెళ్లి తిరిగి చూసే నాకు
ఆ చూపు తెలుసు.
కింద, వేలెడంత వెండెల్ నెత్తిన టోపీ.

తూటా చప్పుడు లోయ అవతలికి పోయి
తిరిగొచ్చేసరికి
పోతు పక్కకి ఒరిగింది.
కిందకి చూశాను.
టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.
ఆ సైగ మేం అనుకున్నవాటిలో లేదు.

తర్వాతదంతా పని.
మోచేతుల దాకా వెచ్చన, వీపంతా చలి.
చీటీ కొమ్ముకి కట్టాను. చాకు రెండుసార్లు నూరాను.
నాలుగు మూటలు, మూడు మైళ్లు, ఒక్కదాన్ని.
మొదటిదే ఎత్తలేక కూలబడితే
గట్టు దిగి వచ్చాడు పొద్దుటి కుర్రాడు,
ఏమీ దొరకని మొహంతో.
తుపాకీ ఖాళీ చేసి, తూటాలు జేబులో వేసుకుని
"బరువైన తొడ ఏది?" అన్నాడు. అంతే.

ఆస్పెన్ తోపులోకి దిగేసరికి చీకటి.
వాడి నుదుటి దీపం ఒక తెల్లని మాను మీద ఆగింది.
బెరడు మీద నల్లగా ఉబ్బిన అక్షరాలు,
చెట్టుతో పాటే లావెక్కినవి:
పీర్ ఇరిబార్నే, 1931.
"ఎవరో గొర్రెల కాపరి" అన్నాడు.
"మా తాత" అన్నాను.
"రెండు వేల గొర్రెలు కాశాడు. ఒక్కటీ ఆయనది కాదు."

వాడు తొడని భుజం మార్చుకున్నాడు.
కాసేపు మా బూట్ల చప్పుడే.
"పొద్దున్నే చెప్పి ఉండొచ్చుగా."
"ఏమని? జాగీరేం కాదుగా."

కింద పికప్ దీపాలు వెలిగాయి.
పైన ఇంకా రెండు మూటలున్నాయి.