నిరవధికం

గాజు ఎంత ఓర్చుకుంటుందో చెప్పడం నా ఉద్యోగం.
ఓర్చుకోలేని దాకా కొడితేనే తెలుస్తుంది.
నల్లపాడు రోడ్డులో, కోల్డ్ స్టోరేజీ వెనక,
కిటికీల్లేని గదిలో
రాత్రి రెండింటికి, కరెంటు నిలకడగా ఉండే వేళ
నేనూ, నాగుల్‌మీరా, ఒక లేజరూ.

అరచేతిలో సగం రాని బిళ్ల.
మీద కంటికి ఆనని పూత.
వచ్చిన వెలుగుని వచ్చినట్టే తిప్పి పంపడం
దాని బతుకుతెరువు.

ఒక చోట ఒక్క దెబ్బే. మళ్ళీ అక్కడ కొట్టం.
కాస్త జరిపి ఇంకోటి.
ఒకే బలంతో పది చోట్ల,
బలం పెంచి మరో పది,
ఎవరూ గీత కలపని ముగ్గుకి
చుక్కలు పెట్టుకుంటూ పోయినట్టు.

ఎంత చిన్న దెబ్బంటే,
రెప్ప పడేలోగా అలాంటివి కోటి పడతాయి.
తట్టుకుంటే ఏమీ జరగదు.
మా పనిలో శుభవార్తంటే అదే,
ఏమీ జరగకపోవడం.
తట్టుకోకపోతే గోటి మీద పేను చితికినట్టు
టిక్కుమని ఒక తెల్లటి మెరుపు.
నాగుల్‌మీరా "పోయిందండీ" అంటాడు.
నేను ఇంటూ మార్కు వేస్తాను.

ఈ గాజు చదరపు సెంటీమీటరుకి
పద్దెనిమిది జౌల్స్ మోయాలి, కాగితం మీద.
మా దగ్గర పదకొండుకే పోతోంది.
పూత వేసిన బెంగళూరు వాళ్ళు ఫోన్లో
మర్యాదగానే అడిగారు,
"మేడమ్, మీ గదిలో ఏమన్నా..."

గదిలో కాదు. ఊళ్ళో ఉంది.
మార్చి నెల. యార్డు నిండి, రోడ్డెక్కిన టిక్కీలు.
ఆటోలో తుమ్ము, బ్యాంకులో తుమ్ము,
పెళ్ళిచూపుల్లో కూడా తుమ్మే ఊరు.
మైక్రోస్కోపు కింద, కాలిన గుంట పక్కనే,
ఇంకా కొట్టని చోట
ఒక ఎర్రటి నలుసు.

నాగుల్‌మీరా తన చొక్కా వైపు చూసుకున్నాడు.
వాళ్ళమ్మ మస్తాన్‌బీ ఇరవై రెండేళ్ళుగా
యార్డులో తాలు ఏరుతోంది.
ఎర్రకాయ ఈ పక్క, తెల్లబడింది ఆ పక్క.
రాత్రి చేతులు మజ్జిగలో ముంచుకుని
కాసేపు కూర్చుంటుంది.
ఆ చేతులు ఉతికి, మడత పెట్టిన చొక్కా.

మర్నాటి నుంచీ ఇంకో చొక్కా
మూతి కట్టిన కవర్లో తెచ్చుకుని
గుమ్మం బయట మార్చుకునేవాడు.
నేనేమీ అనలేదు.
అనకపోవడం కూడా అతనికి వినపడింది.

అయినా పదకొండే.

ఏప్రిల్లో ముఠా కూలీలు సమ్మె కట్టారు.
తాలు ఏరే ఆడవాళ్ళూ గేటు ముందు కూర్చున్నారు.
నిరవధికం, అని బ్యానరు.
గాజు ఓర్పుకి తెలుగులో మాట చెప్పమంటే
నేను చెప్పేది కూడా అదే, అవధి.
ఆ మాట అంత పెద్ద గుడ్డ మీద,
ముందు ఒక 'నిర్' తగిలించుకుని,
ఎండలో ఎగరడం అప్పుడే చూశాను.

తొమ్మిదో రాత్రికి
గుంటూరు గాలి కడిగి ఆరేసినట్టుంది.
అదే పెట్టెలో బిళ్ల, అదే లేజరు.
పదకొండు. ఏమీ జరగలేదు.
పద్నాలుగు. ఏమీ జరగలేదు.
పదహారున్నర దగ్గర పదింట్లో ఒకటి టిక్కుమంది.
నాగుల్‌మీరా "పోయింది" అనలేదు.
చాలాసేపటికి,
"అమ్మ చేతులు మంట తగ్గాయండీ" అన్నాడు.
"ఎవరి చేతులో తగిలించుకున్నట్టు ఉందంటోంది."
ఆ తొమ్మిది రోజులూ వాళ్ళింట్లో కూలి డబ్బు లేదు.
అది నేను అడిగితే చెప్పాడు.

ఏ అంకె వేయను?
పదహారున్నర గాజుది. పదకొండు మా ఊరిది.
రిపోర్టులో గడి ఒకటే.
పదహారున్నర వేసి, పక్కన సన్నగా
'గాలి శుభ్రంగా ఉన్నప్పుడు' అని రాశాను.
ఎందుకు శుభ్రంగా ఉందో
ఆ గడిలో పట్టదు.

పన్నెండో రోజు రాజీ కుదిరింది.
అడిగినంత కాదట, సగానికి కాస్త ఎక్కువట.
లారీలు కదిలాయి.
ఆ రాత్రి గుమ్మం బయట
కవరు మూతి విప్పిన చప్పుడు,
చొక్కా దులపకుండా తొడుక్కున్న చప్పుడు.
కొత్త బిళ్ల బిగించాడు.
మొహం తిప్పుకుని, మోచేతిలోకి
తుమ్మాడు.

ఇద్దరం ఆగాం,
దుమ్ము కిందికి దిగేదాకా.