ముప్పై నాలుగు గ్రాములు

ముందు సింహాచలం మెట్లు.
వీపున సంచిలో తొమ్మిది కిలోల సోనామసూరి,
తెల్లారగట్ట, ఇంకా లైట్లు ఆర్పకముందే.
"మొక్కేటమ్మా?" అంది పువ్వులమ్మే మనిషి.
మొక్కు కాదు, మోకాళ్లు, అన్నాను.

యాభై మూడేళ్లు నాకు. పోర్టులో లెక్కల గుమస్తాని.
ఓడలోంచి దిగిన బొగ్గు, ఓడలోకి ఎక్కిన ఇనుపరాయి,
ఎన్ని టన్నులో రాసి రాసి
ఒక్క బరువూ నేను మొయ్యలేదని
ఓ మధ్యాహ్నం క్యారియర్ విప్పుతుంటే తోచింది.

ఆ కొండల్లో ఎనిమిది రోజులు.
ఎలా ఉందని అడిగితే సరిగ్గా చెప్పలేను.
మూడో రోజు ఏడ్చాను, అది గుర్తుంది.
వాగు దాటి, రాయి మీద కూచుని మేజోళ్లు పిండుకుంటూ
ఇంట్లో గ్యాసు కట్టానో లేదో అని ఏడ్చాను.
ఐదో రోజు కనుమ మీద
ఉన్న కాస్త గాలీ జెండాలే తాగేస్తున్నాయి.
ఇరవై అడుగులు, ఆగు.
ఇరవై అడుగులు, ఆగు.
పదిహేను.
గుర్రాల స్టాంజిన్ నా ముందు ఈల వేసుకుంటూ పోయాడు,
కాళ్లకి ప్లాస్టిక్ చెప్పులు.

ఆరో రాత్రి ఒక ఊరు.
పదకొండు ఇళ్లు. పేరు నా నోట తిరగదు.
కప్పుల మీద గడ్డిమోపులు, చలికాలానికి.
అంగ్మో అవ్వ పొయ్యిలోకి పిడక తోసి
ఉప్పూ వెన్నా వేసిన టీ పోసింది.
మొదటి గుక్క మింగడానికి దేవుణ్ణి తలుచుకున్నాను,
నాలుగో కప్పు నేనే చాచి పోయించుకున్నాను.
నా హిందీ పోర్టు హిందీ: ఉఠావ్, రఖో, కిత్నా.
అవ్వకి అదీ లేదు. మధ్యన స్టాంజిన్.

ఏ ఊరు?
సముద్రం పక్కన.
అవ్వ చిలికే చెయ్యి ఆపింది.
చలికాలంలో గడ్డకడుతుందా?
లేదు.
మరి అవతలికి ఎలా నడుస్తారు?

నది రాయైతేనే వాళ్లకి దారి.
మా నీళ్లకి ఆ బుద్ధి లేదని ఎలా చెప్పను?
నడవం అవ్వా. ఒడ్డున కూచుని మురీ మిక్చర్ తింటాం.
స్టాంజిన్ దాన్ని ఏమని చెప్పాడో గానీ
ఇల్లంతా పడీ పడీ నవ్వింది.
పొద్దున్న బయల్దేరుతుంటే
నా ఖాళీ నీళ్లసీసా ఊపి చూపించింది:
నింపి పంపు. చూస్తాను.

పెదజాలారిపేట ఒడ్డున, చీర ఎగ్గట్టి, సీసా ముంచుతున్నాను.
వల బాగుచేస్తున్న మైలపిల్లి కాసులమ్మ అడిగింది,
"ఏటి, తీర్థమేటి?"
చెప్పాను.
ఆవిడ నోట్లో చుట్ట తీసింది.
"ఛీ, ఇవేం నీళ్లు! కాలవ కలుస్తాదిక్కడ.
ముసలమ్మకి పంపేవి ఇవా?
మా గుంటడు రేపు ఏటకెళ్తాడు, ఉండు."
మర్నాడు వంజరాలతోపాటు వచ్చింది నా సీసా,
మూతికి చేప పొలుసు అంటుకుని.

ద్రవాలు తీసుకోం, అన్నాడు కొరియరబ్బాయి.
పోస్టాఫీసులోనూ అదే మాట.

డాబా మీద స్టీలు పళ్లెంలో పోశాను.
అక్టోబరు ఎండ. మధ్యలో చెప్పాపెట్టని వాన,
పరుగెత్తి, పళ్లేనికి గొడుగు పట్టి నేను తడిశాను.
నాలుగో రోజుకి అంచుల్లో తెల్లగా మొలిచింది.
గీకి, వంటింటి తక్కెడలో తూచాను.
ముప్పై నాలుగు గ్రాములు.
వేల టన్నులు రాసిన చెయ్యి
ఆ అంకె దగ్గర రెండుసార్లు సరిచూసుకుంది.

చూస్తాను అంది గానీ
అవ్వ దీన్ని టీలో వేసేస్తుంది. నాకు తెలుసు.

లోపల ఏముంది? అని కాగితంలో గడి.
సముద్రం, అని రాశాను.
కౌంటరులో పిల్ల ఎర్రపెన్నుతో కొట్టేసి
ఉప్పు, అని రాసింది.
నవంబరులో దారి మూసేస్తారు, వేగం పంపమ్మా, అన్నాను.
ముద్ర కొట్టబోతూ చిరునామా చదివి ఆగింది.
"ఎక్కడండీ ఇది?"
పైన, అన్నాను.
ఆ పిల్ల తలెత్తి
ఫ్యాను వైపు చూసింది.