పదకొండు సెకన్లు

ఎయ్‌బార్‌లో వాన. ఏటి ఒడ్డున తొమ్మిదిమంది పనిచేసే షెడ్డు.
గరాసి లాప్‌టాప్‌లో కొలిమికి ఓ కవల.
అందులో గేర్లు నూనెలో ముంచగానే
నలభైసార్లు పగిలాయి.
కిలో ఉక్కు ఖర్చు లేదు, గుక్కెడు పొగ లేదు.

అంతా సరిపోయింది, ఒక్కచోట తప్ప.
అసలు కొలిమి గీత ప్రతి బ్యాచ్‌లోనూ
ఎనిమిదొందల నలభై దగ్గర
కాస్త కుంగి, మళ్లీ లేస్తోంది.
ఇటుకల్ని అనుమానించింది. థర్మోకపుల్ మార్చింది.
కవలకి మాత్రం ఆ వంపు రాదు.

మూడోరోజు లెక్కలు కట్టిపెట్టి, వచ్చి నిలబడింది.
ఫెర్మిన్ చేతికి గుడ్డ చుట్టుకుని
తలుపు జానెడు తెరిచాడు.
లోపలి రంగు చూశాడు,
పొయ్యిమీద పాలను కనిపెట్టుకున్నట్టు.
మూశాడు.
"ఎందుకు?" అంది.
"ముప్పై ఏళ్ల నుంచీ చూస్తున్నా" అన్నాడు,
అదే జవాబైనట్టు.

మానమని చెప్పలేదు.
సమీకరణంలో ఓ పదం చేర్చింది:
పదకొండు సెకన్లు, జానెడు గాలి.
గీత మీద గీత పడింది.

ఆ పదానికి పేరేమిటని అడిగింది యంత్రం.
వచ్చే ఫిబ్రవరితో ఆయన పని ఆఖరు.
ఎఫ్ అని కొట్టి, ఆగి,
పూర్తిగా రాసింది.