గడియ

మా అమ్మ నూకరత్నం కేజీహెచ్‌లో ఆయా.
ముప్పై ఒక్కేళ్ళు, ఎక్కువగా రాత్రి డ్యూటీలే.
ఆమె సంచిలో టిఫిన్ గిన్నె, మడత చీర,
కొబ్బరినూనె బుడ్డి.
తలకు కాదు, కిటికీ గడియకు.
ఉప్పుగాలికి ఇనుము ఇట్టే పట్టేస్తుంది.
"ఆ టయానికి గడియ పెగల్లేదనుకో,
ఆ మనిసి ఏటైపోవాల?" అనేది.

మనిషి పోయే ముందు కిటికీ తియ్యాలి.
ఆమె మతం మొత్తం అంతే.
దేవుళ్ళ గురించి పెద్ద పట్టింపు లేదు,
కిటికీ గురించి ఉంది.

కోటవీధి రమీజా బీ పోయిన రాత్రి
ఆవిడ మొహం పడమటికి తిప్పి, కిటికీ తీసింది.
జ్ఞానాపురం ఫ్లోరా టీచరమ్మకి
గుండెల మీద జపమాల సర్ది, తీసింది.
పాడేరు నుంచి జ్వరంతో వచ్చిన గెమ్మెలి సొన్నయ్యకి
వాళ్ళ దేవుడు ఏ కొండ మీదుంటాడో తెలియక
ఏదీ సర్దలేదు. కిటికీ మాత్రం తీసింది.
యముడిది దక్షిణమంటారు కదమ్మా అంటే
"నా వార్డుకి తూర్పు కిటికీ ఇచ్చినారు.
ఉన్నదే కదా తీస్తాను."
అందరూ సముద్రం మీదుగానే పోయారు,
డాల్ఫిన్స్ నోస్ దీపం నాలుగైదు సార్లు తిరిగేలోపు.

హుద్‌హుద్ వచ్చిన ఆదివారం
వార్డులో ఒక్క అద్దమూ మిగల్లేదు.
"ఇయ్యాల నాకు సెలవిచ్చీసినాడు" అంటూ
గాజుపెంకులు ఊడ్చింది.

నేను పోర్టు ఆఫీసులో
ఆటుపోట్ల పట్టికలు టైపు చేస్తాను.
ఏ గంటకు నీళ్ళు ఎన్ని మీటర్లు.
అంతకు మించి సముద్రం గురించి
నాకేమీ తెలీదు. నమ్మను కూడా.
డ్యూటీకి చెప్పులేసుకుంటూ అడిగేది:
"ఈ రేత్రి ఆటు ఎన్నింటికే?"
"రెండూ నలభై నుంచి."
"అయితే ఏడో నెంబరు మంచం" అని గొణుక్కునేది.

ఆటు మీద పోయినోళ్ళు తిన్నగా పోతారట.
పోటు మీద పోయినోళ్ళని నీళ్ళు వెనక్కి తోస్తాయట,
గుమ్మాల దగ్గర తచ్చాడతారట
సముద్రం మళ్ళీ తిరిగేదాకా.
ఇన్ని అటలు ఎక్కడ దొరుకుతాయే నీకు,
అని నవ్వేదాన్ని.

ఆమెని ఆరిలోవలో పెద్ద ఆస్పత్రిలో పెట్టాను.
నాలుగో అంతస్తు, ఐసీయూ.
కిటికీ లేదు. గోడంత అద్దం ఉంది.
అద్దం అంచు పొడుగునా వేళ్ళతో తడిమాను,
దానికి గడియ లేదు.
నర్సునడిగాను. ఆమె ఎవర్నో పిలిచింది.
"ఫిక్స్‌డ్ గ్లాస్ మేడమ్, ఏసీ కదా, తెరుచుకోదు.
ఎందుకు, మీకు ఊపిరాడ్డం లేదా?"
ఏం చెప్పను.

రెండూ యాభైకి పోయింది.
నేను టైపు చేసిన అంకెలే, చూసుకోనక్కర్లేదు.
పోటు.
నాలుగూ ఇరవై దాకా నీళ్ళు ఒడ్డుకే వస్తుంటాయి.

సంతకాలయ్యాక లిఫ్టు చూపించారు.
అమ్మ జన్మలో లిఫ్టెక్కలేదు.
బతికున్నోళ్ళు ఇనప్పెట్టెలో దూరతారేటి, అనేది.

మెట్ల తలుపు తోశాను.
దానంతటదే మూసుకునే రకం, బరువు.
భుజంతో ఆపి పట్టుకున్నాను
ఒక మనిషి దాటేంత సేపు.
తొమ్మిది మెట్లు దిగి ఆగాను.
మళ్ళీ తొమ్మిది.
నమ్మి కాదు.
రెండో అంతస్తు మలుపులో రెయిలింగు వైపు ఖాళీ వదిలి
గోడవారగా దిగాను, అంతే.

కింద తలుపు తీసి, పట్టుకుని నిలబడ్డాను.
కైలాసగిరి మీదుగా వచ్చే గాలిలో సన్నగా ఉప్పు.
సెక్యూరిటీ కుర్రాడు మఫ్లరు సర్దుకుంటూ లేచాడు.
వాడి నెత్తిమీద గడియారం నాలుగూ పది.
"ఎనకాల ఇంకెవరైనా వస్తన్నారా మేడమ్?"

"వస్తోంది" అన్నాను.
"మోకాళ్ళ నొప్పులు.
ఇంకో పది నిమిషాలు పడుతుంది."