ముడుల దారం

విశాఖపట్నం కోటవీధిలో నా అరుగు. పేరు ఇన్నాసి.
అక్షరం రాదు. దారమే నా చిట్టా:
భుజానికో ముడి, నడుముకో ముడి,
మడమ దగ్గర జంట ముడి.
ఓడ దిగిన ప్రతి స్వామికీ ఒక దారం
గోడన మేకుకు వేలాడుతుంది.

పడవవాళ్లు కెరటం మీంచి మోసుకొచ్చి
ఇసకలో దించుతారు, తడిసిన మూటలా.
మంచుదేశపు ఉన్ని అంగీ.
మన వైశాఖంలో అది అంగీ కాదు, కుమ్మరి ఆవం.
విప్పించి, నూలుగుడ్డ కొలిచి, నేను కుట్టి ఇచ్చేసరికే
ఒకాయనకి ఒళ్లు కాలడం మొదలైంది.
సాలూరు విచారణ అన్నారు ఆయన్ని.
గజపతినగరం దాటలేదు.
అంగీ మాత్రం తిరిగొచ్చింది, ఎడ్లబండి మీద, మడత నలక్కుండా.

మేత్రాణులవారి గదిలో పటం ఒకటుంది.
పదకొండు ఊళ్లకు గుండుసూదులు గుచ్చారు,
నా దగ్గర అరువడిగినవే.
గురువులు ముగ్గురు.
వాళ్లలో ఒకరికి చూపానదు.
ఉత్తరాలు పోతాయి. ఏ ఆరు నెలలకో జవాబొస్తుంది:
మీకోసం ప్రార్థిస్తున్నాం.

కిందటి శీతాకాలం దిగిన కుర్రస్వామి
కొలతకు చేతులు చాచి నిలబడి
వచ్చీరాని తెలుగులో చెప్పాడు:
తనతో పన్నెండుగురు చదివారట,
ఏడుగుర్ని అమెరికా మేత్రాణులే ఏరుకుపోయారట.
అక్కడ ఒక్కో విచారణ మన జిల్లా అంతట,
పూజకీ పూజకీ మధ్య గుర్రం మీదే నిద్రట.
కోత ఎక్కడైనా ఎక్కువే,
కొడవళ్లే చాలవన్నాడు.
"మరి తమరు అటు పోలేదేం?"
"ఇటు ఓడ ముందొచ్చింది."
నవ్వాడో, నొచ్చుకున్నాడో.
నా నోటినిండా సూదులు. ఏమీ అనలేదు.

మేకునున్న పాత దారం ఒకటి తీసి
ఆయన వీపు వెంట వదిలాను.
ముడికి ముడి సరిపోయింది.
సాలూరు అంగీయే ఇచ్చాను.
ఎవరిదో చెప్పలేదు.

మా రేవులో జాలారి పోలయ్య కొడుకు చిన్నప్ప
లత్తీను జపాలు వలతాడులా పేనుతాడు, ఎక్కడా తెగదు.
ఈదురుగాలికి ఎదురు నిలిచిన ఒళ్లు, జ్వరమంటే లెక్కలేదు.
"వీణ్ణి గురువును చెయ్యకూడదా దొరా" అన్నాను.
మేత్రాణులవారు కిటికీలోంచి సముద్రాన్ని చూశారు,
కొండమీద గుడిగంట మోగి ఆగిందాకా.
"ఇంకా సమయం రాలేదు, ఇన్నాసీ."
ఆ సమయం ఏ ఓడలో వస్తుందో
అడగబోయి దారం కొరికాను.

వాణ్ణి ఉపదేశిగా పంపారు. సాలూరుకే.
తెల్లజుబ్బా కుట్టి,
అంచు మడతలో మూరెడు గుడ్డ దాచాను,
ఎప్పుడైనా మడమ దాకా దించొచ్చని.

అక్కడ మంచాన పడ్డ ముసలమ్మ ఒకర్తి
పాపాలు చెప్పుకుంటానందట.
"నాకు అధికారం లేదమ్మా, నేను గురువును కాను."
"సెవులున్నాయా, నేవా?"
"ఉన్నాయి."
"అయితే కూకో."