ఉలుస

రాత్రి దించిపోయిన ట్రాక్టరు ఇసుక
పొద్దున ముట్టుకుంటే లోపల ఇంకా సల్లగనే ఉంది.
కల్వకుర్తి, అచ్చంపేట రోడ్డు,
రెండో అంతస్తు గోడలకు పూత.
ఈదమ్మ జల్లెడ ఊపుతుంటే
పైన మిగిలేవి ఎప్పుడూ ఉండేవే:
నత్తగుల్లలు, పలుగురాళ్లు, తుమ్మముల్లు.
ఇయ్యాల ఒక ముల్లు కదిలింది.

చిటికెనవేలంత.
ఇసుక రంగు ఒళ్లు,
దాని మీద కొంచెం ముదురు మచ్చలు
ఎవలో తడివేలితో అద్దినట్టు.
మూతి చుట్టూ మీసాలు, లెక్కబెడితే ఎనిమిది.
"ఉలుస" అన్నది ఈదమ్మ,
బస్టాండుల చుట్టం కనబడ్డట్టు.

సచ్చిందా అన్నడు మేస్త్రి.
సావలే.
దుందుభి ఎండినప్పుడు
మిగతా చాపలు మడుగుల కోసం కొట్లాడుకుంటయి,
కొంగలొచ్చి ఆ పంచాయితీ తెంపుతయి.
ఇది తల పెట్టి రెండు కుదుపులు కుదిపి
ఇసుకను మీదికి లాక్కుంటది.
కండ్లే బయట.
వాటికి రెప్పల్లేవు, పలుచని తోలుంది,
ఇసుక రాసుకున్నా కలుక్కుమనదు.

నీళ్లల్ల ఊపిరి సాలకపోతే
పైకొచ్చి ఒక గుటక గాలి మింగుతది.
ఆ గాలి పేగులల్లకు పోతది.
"కడుపుతోని ఊపిరి తీసే జీవం బిడ్డా,
గడ్డుకాలంల మనమూ అంతేగద"
అని నవ్వేటోడు వల అల్లుకుంట ఈదమ్మ నాయన.

పట్టుకోబోతే
కంటికింద దాచుకున్న ముల్లు లేపింది.
ఒక్క చుక్క నెత్తురు.
సిమెంటు తిన్న వేలికి
ఆ నొప్పి తెలిసేసరికి కొంచెం సేపు పట్టింది.

తొలి ఎర్రనీళ్లకు గుడ్లు పెట్టాలె ఇది.
యాడ పెడతది?
వాగుల జేసీబీ తీసిన గుంతలు,
గుంతల అడుగున గట్టి బండ.
దూరనీకె ఇసుక లేదు.
వాగు ఇసుకంత ఊర్లకొచ్చి
గోడలయి నిలబడ్డది.

గోడలు తడిపే నీళ్ల డ్రమ్ముల ఇడిచింది.
ఉలుస అడుగుకు పోయి
ప్లాస్టిక్కును మీసాలతోని తడిమింది,
తల పెట్టి పొడిచింది.
మళ్ల పొడిచింది.
ఈదమ్మ కుప్పకాడికి పోయి
రెండు దోసిళ్ల ఇసుక తెచ్చి పోసింది.
నీళ్లు మసకబారినయి.
తేరేసరికి ఉలుస లేదు,
రెండు కండ్లున్నయి.

"మాలు తక్కువొచ్చింది" పైనుంచి కేక.
రెండు దోసిళ్లే, అన్నది ఈదమ్మ
ఎవలికీ ఇనబడకుండ.
నా కూలిల పట్టుకోండ్రి.